పెట్టె లేని రౌటరూ, ఖాదర్ బాషా గారూ

గుంటూరులో మా ఆఫీసుకు మళ్ళే సందు మొదట్లో ఒక మోటారు వైండింగ్ షాపు ఉంది. కొత్తగా రాగి తీగ చుట్టిన మోటార్లను వార్నిష్‌లో ముంచి ఆరబెట్టే రోజున ఆ సందంతా ఘాటైన వాసన కమ్ముకుంటుంది. కొంచెం తియ్యగానూ, కొంచెం కమురుగానూ ఉండే వాసన. నాతో నడిచేవాళ్ళు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతారు. నా నడక మాత్రం అక్కడ నెమ్మదిస్తుంది. నరసరావుపేటలో ఒక ఆసుపత్రి, ఆ ఆసుపత్రిలో మందుల షాపు వెనక ఒక చల్లటి గది, ఆ గదిలో నేల మీద చతికిలబడి తీగల వెంట వేలు పోనిస్తున్న ఒక పెద్దమనిషి గుర్తొస్తారు.

ఆయన ఖాదర్ బాషా గారు. నా మొదటి ఉద్యోగంలో నా పై అధికారి. ఆయన తండ్రి పేటలో, అంటే నరసరావుపేటలోనే, బోరు మోటార్లకు వైండింగ్ చేసేవారు. తండ్రి తర్వాత ఆ షాపు తమ్ముడి చేతికి వచ్చింది. ఖాదర్ గారు ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో చాలాకాలం పెద్ద కంపెనీల్లో పనిచేసి, తల్లిని చూసుకోవడానికి వెనక్కి వచ్చారు. సెలవు రోజుల్లో తమ్ముడి షాపులో కూర్చుని, కాలిపోయిన మోటార్లు విప్పి ఎందుకు కాలాయో చూసేవారట. సోమవారం ఆయన చొక్కా నుంచి ఆ వార్నిష్ వాసన వచ్చేది. ఆయన పోయి చాలా కాలం కాలేదు. ఆయన్ని ఎరగనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలన్నా ఒక రౌటరు దగ్గరే ఆగిపోతాను. సరే, అక్కడి నుంచే చెబుతాను.

మాది నూజెండ్ల. కోటప్పకొండ స్వామి మీద భక్తితో మా నాయనమ్మ నాకు కోటేశ్వరి అని పేరు పెట్టింది. పేటలోనే ఇంజనీరింగ్ చదివి, ఆ ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో చేరాను. ఆ ఆసుపత్రికి మాచర్లలోనూ గురజాలలోనూ చిన్న శాఖలు ఉండేవి. అక్కడ తీసిన స్కానింగులు, రక్తపరీక్షల ఫలితాలు అన్నీ పేటలోని మా సర్వర్లకు వచ్చి చేరేవి. పెద్ద డాక్టర్లు ఇక్కడ కూర్చునే వాటిని చూసి ఏం చెయ్యాలో ఫోనులో చెప్పేవారు. బయటి కంపెనీల క్లౌడ్ మీద, అంటే ఎక్కడో ఉన్న వాళ్ళ కంప్యూటర్ల మీద, ఆధారపడకుండా ఆసుపత్రికంటూ ఒక సొంత క్లౌడ్ ఉండాలని పట్టుబట్టి, దాన్ని తన చేతులతో కట్టింది ఖాదర్ గారే.

చేరిన రోజున ఆయన నన్ను సర్వర్లు ఉండే ఆ చల్లటి గదిలోకి తీసుకెళ్ళి, "కోటేశ్వరమ్మా, మన సర్వర్లకి దారి చూపించే రౌటరు ఇందులో ఎక్కడుందో కనుక్కుని చెప్పు" అని వెళ్ళిపోయారు. చిన్న పనే కదా అనుకున్నాను. గోడకున్న నల్లపెట్టె చూపించాను. అది బయటి నుంచి ఇంటర్నెట్ తెచ్చే పెట్టె అన్నారు. ఇంకో పెట్టె చూపించాను. అది తీగలన్నిటినీ ఒకచోట కలిపే ఉత్త స్విచ్చు అన్నారు. మధ్యాహ్నం దాకా ఒక్కో తీగా పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు వెతికి, చివరికి ఆయన దగ్గరికి వెళ్ళి, "ఇక్కడ రౌటరు లేదు సార్" అన్నాను.

"లేదా, కనపళ్ళేదా?"

కాసేపు ఆలోచించి, "కనపళ్ళేదు సార్" అన్నాను.

"ఆ రెంటికీ చానా తేడా ఉందమ్మా. కూచో, చూపిస్తా."

తెర మీద ఒక జాబితా తెరిచారు. మా గదిలోని పెద్ద సర్వర్ల కడుపులో ఎన్నో చిన్న కంప్యూటర్లు ఉన్నాయి. అవి వస్తువులు కావు, ప్రోగ్రాములు. ఒకటి స్కానింగ్ బొమ్మలు దాస్తుంది, ఒకటి ల్యాబు ఫలితాలు, ఇంకొకటి మందుల లెక్క. వాటి మధ్యలో ఒక వరుస మీద ఆయన వేలు పెట్టారు. "ఇదిగో, ఇదీ అట్టాంటిదే. రౌటరు లాగా నటిస్తంది. నటనే గానీ, చేసే పని నిజం. వీళ్ళల్లో ఎవరు నిద్ర లేచినా వాళ్ళకి అడ్రసు ఇచ్చేది ఇదే. మాచర్లకి, గురజాలకి దారి చూపించేదీ ఇదే. దీనికి పెట్టె లేదు, లైటు లేదు, తీగా లేదు." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో చిన్నపిల్లాడి సంబరం కనిపించింది. తనే కట్టినదాన్ని చూసి తనే ఆశ్చర్యపోగలిగిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

ఆశ్చర్యం ఆయన స్వభావంలోనే ఉండేది. టీ కొట్టు దగ్గర నిలబడితే, ఒకే పాలు, ఒకే పొడి అయినా పొద్దుటి టీకీ సాయంత్రం టీకీ రుచి ఎందుకు మారుతుందని టీ పోసే మనిషిని అడిగేవారు. లిఫ్టు ఆగిపోతే మెట్లెక్కి వచ్చేవారు కారు, లిఫ్టు బాగుచేసేవాళ్ళ పక్కన నిలబడి చూసేవారు. ఆ అలవాటు వల్ల మీటింగులకు ఆలస్యమయ్యేవారు, తిట్లూ తినేవారు. నేనూ లోపల్లోపల విసుక్కున్న రోజులున్నాయి. పని అయితే చాలు కదా, ఎందుకు అయిందో ఎందుకు, అనిపించేది.

ఆ రౌటరు పడిపోయిన రోజు ఉదయం అన్నీ మామూలుగానే మొదలయ్యాయి. స్కానింగ్ బొమ్మల సర్వరును ఎప్పట్లాగే ఒకసారి ఆపి మళ్ళీ లేపాం. కాసేపటికి మాచర్ల నుంచి శీను ఫోను చేశాడు. అక్కడ స్కానింగ్ తీసేది అతనే.

"అక్కా, స్కాను పోవట్లేదక్కా. అర్జెంటు కేసు. నాపరాళ్ళ క్వారీలో రాయి జారి తలకి తగిలింది. వచ్చినప్పుడు మాట్టాడాడు. ఇప్పుడు మగతలోకి పోతన్నాడు. ప్రసన్న మేడం గారు బొమ్మ చూడందే ఏం చెప్పలేనంటన్నారు."

ప్రసన్న గారు మా ఆసుపత్రిలో మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు. శీను తెరను ఫోనుతో ఫొటో తీసి పంపాడు. తెర మెరుపు పడి అందులో ఏదీ తెలియడం లేదని, ఆ ఫొటో చూసి తల తెరవాలో వద్దో నిర్ణయించలేనని ఆవిడ అన్నారట. ఖాదర్ గారు నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు.

"శీనూ, మా కోసం ఆగమాక. ఆయన్ని అంబులెన్సు ఎక్కించి పేటకి పంపించెయ్. బొమ్మ వెనకాల బయలుదేరినా బండి కంటే ముందే వచ్చిద్ది."

"రాకపోతే ఎట్టా సార్?"

"రాకపోతే ఇక్కడ మళ్ళీ తీస్తారు. కొంత ఆలస్యం అయిద్ది. నువ్వు మాత్రం బండిని ఆపబాకు."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగారు. ఏం చెడిపోయిందో చెప్పబోయాను. "అది తర్వాత. ఎవరు బాగున్నారు, అది చెప్పు" అన్నారు. చూశాను. ల్యాబు బాగానే ఉంది. మందుల షాపు బాగానే ఉంది. ఆపి లేపిన స్కానింగ్ సర్వరు ఒక్కటే లేచి కూర్చుంది గానీ, దానికి అడ్రసు లేదు. "అయితే పడుకోనోళ్ళంతా బాగానే ఉన్నారు. పడుకుని లేచినోడికే అడ్రసు ఇచ్చేవాళ్ళు లేరు" అన్నారాయన. అంటే తేడా రౌటరులో ఉంది. దాని లోపలికి వెళ్ళి చూద్దామంటే అది మమ్మల్ని రానివ్వలేదు. ఒకసారి ఆపి లేపమన్నారు. ఆపాను. లేవమన్నాను. 'లేస్తోంది' అన్న మాట తెర మీద చాలాసేపు నిలబడి, చివరికి 'ఆగిపోయింది'గా మారింది.

దాంతో అప్పటిదాకా బాగున్నవి కూడా పోయాయి. గోడకు అవతల మందుల కౌంటరు దగ్గర గోల మొదలైంది. ల్యాబు వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. ఆసుపత్రి మేనేజరు గారు చెమటలు పట్టిన ముఖంతో గదిలోకి వచ్చి మా వెనక నిలబడ్డారు. ఖాదర్ గారు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏదో పొడుపు కథ విప్పమన్నట్టు అడిగారు.

"ఈ రౌటరుకి తెలిసీ, మనకి తెలియంది ఏమన్నా ఉందా?"

"లేదు సార్. దారులూ రూల్సూ అన్నీ, వీటన్నిటినీ నడిపే మేనేజ్‌మెంట్ సర్వర్లో ఉన్నయ్. దీన్ని తీసేసి కొత్తది పుట్టిస్తే, అది వాటిని చదువుకుని ఇది చేసే పనే చేస్తది."

"అన్నీ ఉన్నయ్యా?"

"అన్నీ ఉన్నయ్ సార్."

ఆయన తెర మీద రౌటరు వరుసను ఇంకోసారి చూశారు. "సరే, తీసేద్దాం. ముందు దాని డిస్కుకి కాపీ తీసి పక్కన పెట్టు."

"ఇప్పుడు కాపీలేంది బాషా గారూ, అవతల మనుషులు చస్తంటే!" అన్నారు మేనేజరు గారు.

"చిన్న డిస్కు సార్, చిటికెలో అయిద్ది. ఈలోపు నేను కొత్తది పుట్టే నమూనా బాగుందో లేదో చూసుకోవాల. అది చూసుకోకుండా ఉన్నదాన్ని తీసేస్తే రెంటికీ చెడతాం."

కాపీ అయింది. నమూనా బాగుంది. పాత రౌటరును తుడిచెయ్యమంటూ నొక్కాను. నిజంగానే తుడిచెయ్యాలా అని తెర మళ్ళీ అడిగింది. నా వేలు అక్కడే ఆగిపోయింది. ఆ ఆసుపత్రిలో అన్ని దారులూ దాని గుండానే కదా పోయేది. ఖాదర్ గారు మెల్లగా, "నొక్కమ్మా. ఇది మనిషి కాదు, మళ్ళీ పుట్టిద్ది. మళ్ళీ పుట్టని ఆయన దారిలో ఉన్నాడు" అన్నారు. నొక్కాను.

జాబితాలో ఆ వరుస మాయమైంది. కాసేపు అక్కడ ఏమీ లేదు. తర్వాత కొత్త వరుస ఒకటి వచ్చింది. కొత్త నంబరు, అదే పని. 'లేస్తోంది' అంది. మేమిద్దరం దానివైపే చూస్తున్నాం. పచ్చరంగు పడింది. స్కానింగ్ సర్వరును మళ్ళీ లేపాను. ఈసారి దానికి అడ్రసు వచ్చింది. శీనుకు ఫోను చేస్తే, మధ్యలో మాట్లాడకుండా "పోతన్నయ్ అక్కా, పోతన్నయ్" అని ఒకటే మాట. ఒక్కో పొర ఒక్కో బొమ్మగా మా తెర మీదకు రావడం మొదలైంది. ప్రసన్న గారి గది నుంచి కబురు వచ్చింది. పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరిందని, ఆపరేషన్ థియేటరు సిద్ధం చేస్తున్నామని. అంబులెన్సు ఎక్కడుందని శీనును అడిగితే, పిడుగురాళ్ళలో లారీల మధ్య ఇరుక్కుని ఉందన్నాడు. బొమ్మ బండిని దాటేసింది.

నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే గురజాల నుంచి ఫోను. మిగతా అన్ని చోట్లా కనెక్షన్ వచ్చింది, వాళ్ళకు మాత్రం రాలేదు. కొత్త రౌటరుకు గురజాల దారే తెలియదు. నేను గతుక్కుమన్నాను. ఖాదర్ గారి కళ్ళు మెరిశాయి. "చూశావా, దానికి మాత్రమే తెలిసింది ఒకటుంది!"

మధ్యాహ్నం గోల సద్దుమణిగాక, పక్కన పెట్టిన ఆ డిస్కు కాపీని ఇంకో కంప్యూటరుకు తగిలించి ఇద్దరం చదివాం. గురజాల దారి మేనేజ్‌మెంట్ సర్వరులో లేదు. ఎవరో సూటిగా రౌటరు లోపలికే వెళ్ళి, చేత్తో రాశారు. అంతేకాదు, గురజాల నుంచి ఏ యంత్రం తలుపు తట్టినా, అంటే మా సర్వర్లను పిలిచినా, ఒక వాక్యం రాసిపెట్టమని పక్కన ఇంకో ఆజ్ఞ కూడా ఉంది. ఆ వాక్యాలు పేరుకుని పేరుకుని డిస్కు నిండిపోయింది. ఇంకొక్క అక్షరం రాయడానికి చోటు లేక, నిద్ర లేచిన సర్వరుకు అడ్రసు కూడా రాసివ్వలేకపోయింది రౌటరు. చివరికి తనను తాను లేపుకోలేకపోయింది.

"ఎవరు సార్ రాసింది?" అన్నాను. ఆ ఆజ్ఞ చివర రెండు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. కె, బి.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత గట్టిగా నవ్వారు. "నేనేనమ్మా. గురజాల కలిపిన రోజు, పనిచేస్తందో లేదో చూడ్డానికి పెట్టా. తీద్దాం తీద్దాం అనుకుని మర్చిపొయ్యా." ఆ నవ్వులో సిగ్గు ఉంది. దాంతోపాటు, వెతుకుతున్నది దొరికిన సంతోషం కూడా ఉంది. ఆ దారిని ఈసారి ఉండవలసిన చోట రాసి, సాయంత్రానికి గురజాలను కలిపేశారు. నా దృష్టిలో పని అయిపోయింది. ఆయన దృష్టిలో సగమే అయింది. "నా తప్పు ఎన్నాళ్ళ నుంచో ఉంది గదా, మరి ఇప్పుడే ఎందుకు నిండింది? గురజాలలో ఎవరు ఇన్నిసార్లు తలుపు కొడతన్నారు?"

ఆ వారంలోనే ఒకరోజు ఇద్దరం గురజాల బస్సెక్కాం. ఆ తలుపు కొడుతున్నది శాఖలో రోగులు కూర్చునే హాల్లోని టోకెన్ నంబర్ల టీవీ అని అప్పటికే తెలుసు. ఎందుకో తెలియదు. ఖాదర్ గారు ఏ పరికరమూ తీయలేదు. వెళ్ళి బెంచీ మీద, టోకెను పట్టుకుని కూర్చున్న ఒక ముసలావిడ పక్కన కూర్చుని టీవీ చూడసాగారు. కాసేపటికి టీవీ ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది.

"ఇది ఇట్టాగే ఆరిద్దా పెద్దమ్మా?"

"అదా? అది ఎప్పుడూ అంతే నాయనా. ఆరతా ఉంటది, వెలగతా ఉంటది. నా నంబరు వచ్చినప్పుడే ఆరిద్ది మాయదారిది" అందావిడ.

ఆయన పకపకా నవ్వారు. ఆవిడా నవ్వింది. మళ్ళీ ఆరినప్పుడు ఆయన చూపు టీవీ మీద లేదు, చెవి ఒగ్గి వింటున్నారు. మూలనున్న చల్లనీళ్ళ మిషను అప్పుడే గుర్రుమని మొదలైంది. లేచి వెళ్ళి చూశారు. ఎండాకాలంలో కొత్తగా పెట్టిన ఆ మిషనుకూ టీవీకీ ఒకే స్విచ్‌బోర్డు. మిషను మొదలైనప్పుడల్లా కరెంటు ఒక్క క్షణం కుంగి, టీవీ ఆరి, మళ్ళీ వెలిగి, పేటలో ఉన్న సర్వరును అందుకునేదాకా వెంట వెంటనే పిలుస్తోంది. పిలిచిన ప్రతిసారీ మా రౌటరులో ఒక వాక్యం. ఎలక్ట్రీషియను వచ్చి టీవీని వేరే బోర్డుకు మార్చాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాదూరం ఆయన అదే మాట. "చూడమ్మా, గురజాలలో ఎవరికో దాహమై మంచినీళ్ళు పట్టుకుంటే, మాచర్లలో బొమ్మ ఆగింది. ఎక్కడికెక్కడ!" తన తప్పు మధ్యలో లేనట్టు కాదు, అది కూడా ఆ గొలుసులో ఒక లంకెగా లెక్కపెట్టుకునే అన్నారు.

మాచర్ల ఆయన బతికాడు. కళ్ళు తెరిచి భార్యను పేరు పెట్టి పిలిచాడని తెలిశాక, ఖాదర్ గారు వార్డుకు వెళ్ళి ఆవిడను అడిగారు. "అమ్మా, మీవారి స్కాను బొమ్మ నేను చూడొచ్చా? దాని కోసం చానా తిప్పలు పడ్డాం. ఎట్టా ఉంటదో చూడాలనుంది." ఆవిడ భర్తను అడిగి సరేనంది, నేనూ చూస్తానంది. ప్రసన్న గారు తెర మీద చూపించారు. పుర్రె అంచున తెల్లగా, ఉబ్బిన గింజలా ఉన్న చోటును వేలితో చూపించి, అదే రక్తం అన్నారు.

ఆవిడ చాలాసేపు చూసింది. "ఇంతేనా? ఇంత మరకకా మా ఆయన అట్టా పడిపొయ్యింది" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఖాదర్ గారు ఆ రోజంతా తక్కువ మాట్లాడారు.

తర్వాత మీటింగు పెట్టారు. కొత్త రౌటరు పుట్టాక పాతది ఎందుకు పడిందో ఎవరికీ అక్కర్లేదు. యంత్రం చెడిపోయింది, బాగుచేశాం అంటే అంతటితో సరిపోయేది. మీటింగుకు ముందు నేను అదే చెప్పాను ఆయనకు. "అట్టా చెబితే, ఇంకోచోట ఇంకోడు చేత్తో రాసి మర్చిపోతాడు గదమ్మా" అన్నారు. లోపలికి వెళ్ళి జరిగిందంతా వరసగా చెప్పారు. చేతిరాత తనదేనని కూడా చెప్పారు. ఒకరి ప్రాణం మీదకు వచ్చిన సంగతి కాబట్టి యాజమాన్యం తేలిగ్గా తీసుకోలేదు. ఆ క్లౌడ్ బాధ్యతను బయటి కంపెనీకి అప్పగించి, ఆయన్ని వాళ్ళ కింద పెట్టారు. తను కట్టిన గదిలోకి వెళ్ళడానికి తను ఒకరిని అడగాల్సి వచ్చింది. నాకు చాలా కోపం వచ్చింది. ఆయనకు బాధ కలగలేదని చెప్పను. కొన్నాళ్ళు భోజనానికి మాతో కూర్చోలేదు. కానీ ఆ కంపెనీ కుర్రాళ్ళు వచ్చిన మొదటి వారమే, మీ దగ్గర ఇది ఎట్టా చేస్తారు, అది ఎట్టా చేస్తారు అంటూ వాళ్ళ వెంటపడి అడగడం చూశాను. వాళ్ళు మొదట బెదిరారు. తర్వాత తమంతట తామే ఆయన బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

నేను గుంటూరు వచ్చేశాను. ఇప్పుడు నా కింద కొద్దిమంది పనిచేస్తున్నారు. ఆయన లాగా నవ్వడం నాకు చేతకాదు. ఏదైనా పడిపోతే ఇప్పటికీ నాకు ముందు భయమే వేస్తుంది. కానీ ఎవరు చేశారని మాత్రం అడగను. ఆ ప్రశ్న నోటిదాకా వచ్చినా మింగేసి, జరిగింది చూపించమంటాను. అలా ఎన్ని సంవత్సరాలు మింగానో, దానివల్ల ఏమన్నా మారిందో లేదో నాకే తెలియదు.

మొన్న ఒక మధ్యాహ్నం, కొత్తగా చేరిన రేష్మా తన ల్యాప్‌టాప్ తెరిచే ఉంచి, రెండు చేతులతో పట్టుకుని, పరుగున నా గదిలోకి వచ్చింది. పొద్దున్నుంచీ ఒక పని ఆగిపోయి అందరం తల పట్టుకుని ఉన్నాం. "మేడం, దొరికింది! అది నా వల్లే మేడం. ఎట్టా జరిగిందో చూడండి, భలే ఉంది" అంటూ ల్యాప్‌టాప్ నా బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది. ఆ అమ్మాయి ముఖంలో భయం ఎక్కడా లేదు.

రేష్మా ఖాదర్ బాషా గారిని ఎన్నడూ చూడలేదు.